ముందు ముక్కు సంగతి చూద్దాం

తెల్లారి లేచేసరికి నాలుక పిడచగట్టుకుపోయి మాట పెగలడం లేదా? రాత్రి ఏ రెండింటికో మూడింటికో మాస్కు అంచు నుంచి సుయ్యిమని గాలి కంట్లోకి కొట్టి మెలకువ వచ్చేస్తోందా? పక్కన పడుకున్నాయన "నీ గురకే నయమే, ఈ బుసలేంటి" అని ముసుగు తన్నేస్తున్నాడా? రా, ఇలా కూర్చో. టీ తాగుతూ విను. ఇందులో నీ తప్పేమీ లేదు. ఆ మెషిన్ నీ ఒంటికి పడలేదనీ కాదు. సీప్యాప్, అదే నిద్రలో ముక్కులోంచి గాలి పంపే మెషిన్, మొదలుపెట్టిన వాళ్లలో చాలామందికి ఎదురయ్యే చిక్కే ఇది. కాస్త ఓపిక పడితే తీరే చిక్కు.

అసలు మన భయం ఎక్కడ మొదలవుతుందో చెప్పనా? స్లీప్ స్టడీ కాగితం చేతికి రాగానే. నిద్రలో ఊపిరి ఆగడమో సన్నబడడమో గంటకు 5 సార్లలోపు జరిగితే ఫర్వాలేదంటారు, 30 దాటితే తీవ్రం అంటారు. మన కాగితం మీద ఆ 30 దాటిన అంకె కనబడేసరికి కాళ్లలో సత్తువ పోతుంది. 2022 ఫిబ్రవరిలో బప్పీ లహరి పోయినప్పుడు డాక్టర్లు స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బు పేరే చెప్పారు, గుర్తుందా? 'గ్యాంగ్ లీడర్' పాటలకు బాణీలు కట్టిన మనిషి. గురక వెనక ఇంత ప్రమాదం దాగుంటుందా అని మన ఇళ్లలో చాలామంది అప్పుడే అనుకున్నారు. ఆ భయంతోనే కదా వేలకు వేలు పోసి మెషిన్ తెచ్చుకున్నాం! తీరా తెచ్చుకున్నాక నోరెండిపోతోందని, గాలి కారిపోతోందని దాన్ని అటకెక్కిస్తే ఎట్లా? డబ్బు సంగతి అలా ఉంచు, నీ నిద్ర ఏం కాను?

ముందు లోపల ఏం జరుగుతోందో తెలుసుకుందాం. తెలిస్తే సగం బెంగ తీరుతుంది. నిద్ర పట్టగానే గొంతు కండరాలు సడలుతాయి, గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. పొలంలో మోటారుకి తగిలించే మెత్తటి డెలివరీ పైపు చూశావు కదా, నీళ్లు తోస్తున్నంతసేపు నిండుగా నిలబడుతుంది, మోటారు ఆపితే చతికిలపడుతుంది. మన గొంతు తీరూ అంతే. మెషిన్ ముక్కులోంచి పంపే గాలి ఒత్తిడి ఆ దారిని మూసుకుపోకుండా నిలబెడుతుంది. మధ్యలో ఎక్కడైనా గాలి కారిపోయిందనుకో, ఒత్తిడి తగ్గుతుంది, దారి మళ్లీ కుంగుతుంది. ఒత్తిడి తనంతట తానే మార్చుకునే ఆటో మెషిన్లయితే, లీకు మరీ ఎక్కువైనప్పుడు మన ఊపిరిని సరిగా లెక్క కట్టలేక తికమక పడతాయి కూడా. రాత్రంతా మాస్కు పెట్టుకునే ఉన్నా పొద్దున్నే తల దిమ్ముగా ఉందంటే, ఒకసారి ఈ వైపు చూడాలి.

మరి నోరెందుకు తెరుచుకుంటుంది? మామూలుగా నోరు మూసుకుని ఉన్నప్పుడు నాలుక పైకి ఆని ఉంటుంది, కొండనాలుక దగ్గరి మెత్తటి అంగిలి కిందికి వాలి నాలుకను తాకుతుంది. ముక్కులోంచి వచ్చిన గాలి నోట్లోకి రాకుండా అదే తలుపు. గాఢనిద్రలో దవడ జారిందా, ఆ తలుపు వీడిపోతుంది. ముక్కులోంచి వెళ్లిన గాలి నేరుగా నోట్లోంచి బయటికి పరుగెడుతుంది. అలా గంటల తరబడి ముక్కు తేమని, నోటి తేమని ఊడ్చుకుపోతుంది. ఇక్కడే అసలు తిరకాసు ఉంది. ముక్కు ఆరిపోతే లోపలి పొర ఉబ్బుతుంది. ఉబ్బితే ముక్కు దిబ్బడేస్తుంది. దిబ్బడేస్తే నోరు ఇంకా తెరుచుకుంటుంది. ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి!

అందుకే నేను అందరికీ చెప్పేది ఒక్కటే, నోరు మూయించే పని తర్వాత, ముందు ముక్కు సంగతి చూద్దాం. ఈ వైద్యం పుట్టిందే ముక్కుతో. 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సల్లివన్ అనే డాక్టరు వాక్యూమ్ క్లీనర్ మోటారుని గాలి ఊదేలా అమర్చి, ముక్కుకి గొట్టం తగిలించి చూశాడు. రాత్రంతా ఊపిరి ఆగిపోతూ అవస్థపడే మనిషి హాయిగా నిద్రపోయాడు. 1981లో ఆ వివరాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అప్పటి మోటారు మోత తలుచుకుంటే ఇప్పటి మన మెషిన్ ఎంత నెమ్మదస్తురాలో! ఇన్నేళ్లలో మాస్కులు ఎన్నో రకాలొచ్చాయి గానీ, గాలికి మంచి దారి ఇప్పటికీ ముక్కే.

అయితే మన లీకు నోటిదా, మాస్కుదా? అది తేల్చుకోకుండా ఎవరో చెప్పారని పట్టీలు, టేపులు కొనేయకు తల్లీ. నోరు, గొంతు ఎండిపోయి లేస్తున్నావంటే, బుగ్గలు బెలూన్లలా ఉబ్బి పెదవుల మధ్య నుంచి గాలి పుఫ్ పుఫ్ మని పోతోందని పక్కవాళ్లు అంటున్నారంటే, అది నోటి లీకు. కళ్లు ఎర్రబడి మండుతున్నాయంటే ముక్కు దూలం దగ్గర మాస్కు ఆనడం లేదని అర్థం. పక్కకి తిరిగినప్పుడే శబ్దం వస్తోందంటే తలగడ మాస్కుని నెడుతోంది. ఇంకొకటుంది. మాస్కు ముందువైపు సన్నటి చిల్లులుంటాయి చూశావా, వాటిలోంచి ఎప్పుడూ గాలి వస్తూనే ఉంటుంది. మనం వదిలిన ఊపిరి బయటికి పోవడానికే వాటిని పెట్టారు. అది లీకు కాదు. లీకేమోనని వాటికి ప్లాస్టర్ వేసిన మహానుభావులూ ఉన్నారు. వాటి జోలికి మాత్రం వెళ్లొద్దు, ప్రమాదం.

ఇప్పటి మెషిన్లు పొద్దున్నే లెక్క చెబుతాయి. తెర మీదో, ఫోన్లో యాప్‌లోనో లీకు ఎంతుందో కనబడుతుంది. రెస్‌మెడ్ మెషిన్లలో అయితే నిమిషానికి 24 లీటర్లు దాటితే పట్టించుకోవాలని లెక్క. వేరే కంపెనీవి కొన్ని ఆ చిల్లుల్లోంచి పోయే గాలిని కూడా కలిపి చూపిస్తాయి. కాబట్టి మీ తోటికోడలి మెషిన్ అంకెతో నీ అంకెని పోల్చుకుని దిగులుపడకు. ఏదో ఒక రాత్రి కాస్త ఎక్కువ చూపించినా కంగారు వద్దు. వారం రోజులు వరసగా చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. రాత్రి వేళ లేచి లేచి ఆ అంకెలు చూసుకోవడం మాత్రం మానెయ్. ఇక నిద్రెప్పుడు పోతావు?

సరే, ముక్కు దగ్గరికి వద్దాం. అద్దం ముందు నిలబడి ఒక పక్క వేలితో మూసి ఇంకో పక్క నుంచి పీల్చి చూడు, తర్వాత అటూ. ఒక పక్క ఎప్పుడూ మూసుకునే ఉంటోందా? ముక్కు మధ్య గోడ వంకరగా ఉందేమో, లోపల కండ పెరిగిందేమో, ఈఎన్‌టీ డాక్టరు ఒక్కసారి చూస్తే తేలిపోతుంది. ఏళ్ల తరబడి "నా ముక్కింతే" అని సరిపెట్టుకుంటాం మనం. ఇల్లంతా దులుపుతాం, దుమ్ముకి తుమ్ముతాం, ఖాళీ స్థలాల్లో వయ్యారిభామ మొక్కలు పూతకొస్తే కళ్లు నలుపుకుంటూ తిరుగుతాం, అయినా అదొక ఎలర్జీ అని, దానికి మందుందని అనుకోం. ఎలర్జీకి డాక్టర్లు ఇచ్చే స్టెరాయిడ్ స్ప్రే ఉంటుంది. స్టెరాయిడ్ అన్న మాట వినగానే బెదిరిపోకు. అది ముక్కు వరకే పనిచేసే కొద్దిపాటి మందు. వేసిన రోజే గుణం కనబడకపోవచ్చు, కొన్ని రోజులు మానకుండా వాడాలి. రెండు రోజులు వేసి పక్కన పడేస్తే దాని తప్పు కాదు.

ఇంకో రకం చుక్కల మందులుంటాయి. వేసిన రెండు నిమిషాల్లో ముక్కు తలుపులు తెరుచుకుంటాయి, ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. వాటితోనే జాగ్రత్త. 3 నుంచి 5 రోజులకి మించి వాడితే, మందు దిగగానే ముక్కు మునుపటికన్నా గట్టిగా బిగుసుకుంటుంది. మళ్లీ చుక్క, మళ్లీ బిగింపు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేస్తారు కాబట్టి మనకి దాని సంగతి తెలియదు. నీ తలగడ కింద అలాంటి సీసా నెలల తరబడి ఉంటోందా? ఉంటే డాక్టరుకి చెప్పి మానే దారి అడుగు. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం, మన పెద్దవాళ్లు జలనేతి అనేవాళ్లే, అది చాలామందికి హాయినిస్తుంది. పడుకోబోయే ముందు చేస్తే మాస్కు పెట్టుకునే సరికి ముక్కు తేలిగ్గా ఉంటుంది. కుళాయి నీళ్లు మాత్రం వద్దు. మరగకాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. ఇందులో మొహమాటాలు, సర్దుబాట్లు లేవు.

ఇప్పుడు తేమ. మెషిన్ పక్కన చిన్న నీళ్ల డబ్బా ఉంటుంది కదా, హ్యుమిడిఫయర్, దాన్ని ఎంతమంది ఖాళీగా వదిలేస్తారో! రోజూ నీళ్లు పొయ్యడం బద్ధకమని, ఎందుకొచ్చిన తడి అని. ఆ గోరువెచ్చటి తేమే నీ ముక్కు ఆరిపోకుండా కాపాడేది. నోటి లీకు ఉన్నవాళ్లకి మరీ ముఖ్యం. చాలా మెషిన్లలో తేమకి మెట్లుంటాయి, కొన్నిటిలో 1 నుంచి 8 దాకా. ఇప్పుడున్న దాన్ని ఒక మెట్టు పెంచి, రెండు మూడు రాత్రులు చూసి, చాలకపోతే ఇంకో మెట్టు పెంచు. ఏసీ గదిలో పడుకునేవాళ్లకి ఒక్కోసారి ట్యూబులో నీళ్లు చేరి మొహం మీద చిప్పిల్లుతాయి, గుటగుటమని చప్పుడొస్తుంది. హడలిపోకు. వెచ్చటి గాలి చల్లటి ట్యూబులో నీరవుతోందంతే. ఏసీని ఒకటి రెండు డిగ్రీలు పెంచు, ట్యూబుని దుప్పటి లోపల నుంచి రానీ, లేదా గుడ్డ తొడుగు వెయ్యి. మెషిన్‌ని మంచం కన్నా కిందగా పెడితే ట్యూబులో చేరిన నీళ్లు మొహం మీదికి రావు. లోపల వేడి తీగ ఉండే ట్యూబులు కూడా దొరుకుతాయి. డబ్బాలో పొయ్యడానికి మెడికల్ షాపులో డిస్టిల్డ్ వాటర్ అడిగి తెచ్చుకో. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డబ్బా నీళ్లు వద్దు. మన బోరు నీళ్లు పోస్తే అడుగున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. పొద్దున్నే మిగిలిన నీళ్లు పారబోసి, డబ్బా కడిగి బోర్లించు. నిన్నటి నీళ్ల మీదే ఇవాళ పొయ్యడం మంచి అలవాటు కాదు.

ఇక మాస్కు. ఇది మనం కాస్త తీరిగ్గా మాట్లాడుకోవాలి.

గాలి పోతోందనగానే మన చెయ్యి ఎక్కడికి పోతుంది? పట్టీల మీదికి. ఇంకా బిగిద్దాం అని. పొద్దున్నకి ముక్కు దూలం మీద ఎర్రటి గాట్లు, బుగ్గల మీద గీతలు, లీకు మాత్రం అలాగే. మాస్కు అంచున ఉండే మెత్తటి కుషన్ గాలితో పొంగి మొహానికి ఆనాలి. బిగించేస్తే అది మడత పడిపోతుంది, ఆ మడతలోంచే గాలి పోతుంది. ఇంకో సంగతి, నువ్వు పట్టీలు సరిచేసుకునేది కూర్చునేనా? పడుకోగానే బుగ్గలు పక్కలకి జారతాయి, మొహం తీరే మారిపోతుంది. కాబట్టి ఈ రాత్రి ఇలా చెయ్యి. అన్ని పట్టీలూ వదులు చేసుకుని, రోజూ పడుకునే తలగడ మీదే పడుకుని, మెషిన్ ఆన్ చెయ్యి. మాస్కుని ఒక చేత్తో పట్టుకుని మొహం మీద నుంచి అంగుళం పైకి లాగి మెల్లిగా వదులు, కుషన్ పొంగి తనంతట తాను కూర్చుంటుంది. అప్పుడు రెండు పక్కల పట్టీలూ ఒకేసారి, కొంచెం కొంచెంగా లాగు. ముందు కింది పట్టీలు, తర్వాత పైవి. ఒక వేలు పట్టీ కిందికి దూరేంత వదులుండాలి. తర్వాత అరచెయ్యి నీళ్లలో తడిపి మాస్కు చుట్టూ నెమ్మదిగా తిప్పి చూడు. గాలి ఎక్కడ పోతోందో అక్కడ చల్లగా తగులుతుంది. అటు పక్కకి, ఇటు పక్కకి తిరిగి కూడా చూసుకో. చాలా మెషిన్లు మొదట తక్కువ ఒత్తిడితో మొదలై మెల్లిగా పెంచుతాయి. ఆ తక్కువ గాలిలో చూసుకుంటే సరిగ్గానే ఉన్నట్టుంటుంది, నడిరాత్రి బయటపడుతుంది. కొన్నిటి మెనూలో మాస్కు ఫిట్ అని ఒక పరీక్ష ఉంటుంది, అది నొక్కితే కాసేపు గట్టిగా గాలి వదులుతుంది. ఆ గాలిలో సర్దుకో.

మన ఆడవాళ్లకి కొన్ని ప్రత్యేకమైన చిక్కులుంటాయి, ఇవి మెషిన్‌తో వచ్చే పుస్తకంలో ఉండవు. ముక్కుపుడక! ముక్కు మాస్కు కుషన్ సరిగ్గా ఆ రాయి మీద ఆనిందా, పక్కన సన్నటి సందు మిగిలిపోతుంది. తీయడం ఇష్టం లేకపోతే నీ ఇష్టం, మనసుకి కష్టం కలిగించే పని చెయ్యమనను. సన్నగా అతుక్కునే చిన్న పుడక రాత్రిపూట పెట్టుకోవచ్చు, లేదా కుషన్ వేరేచోట ఆనే మాస్కు అడగొచ్చు. పడుకోబోయే ముందు మొహానికి క్రీము, కొబ్బరినూనె రాసుకునే అలవాటుందా? కుషన్ సిలికాన్‌తో చేస్తారు, జిడ్డు మీద అది జారిపోతుంది, పైగా త్వరగా పాడవుతుంది. క్రీము సాయంత్రమే రాసుకో, పడుకునే ముందు సబ్బుతో మొహం కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు మాస్కు పెట్టుకో. వెనక ముడి ఎత్తుగా వేసుకుంటే పట్టీ దాని మీద నిలవదు, జారి పైకి పోతుంది. వదులుగా జడ అల్లుకుని పక్కకి వేసుకో. మరిదిగారికే మెషిన్ ఉందంటావా, ఆయన గడ్డం సంగతి చూడు. రెండు రోజులు గీసుకోకపోయినా ముళ్లలాంటి ఆ వెంట్రుకల మీద కుషన్ ఆనదు. శబరిమల దీక్షలో గడ్డం పెంచినన్నాళ్లూ మామూలు ముక్కు మాస్కుకి బదులు, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్కు, నేసల్ పిల్లోస్ అంటారు, అది వాడి చూడొచ్చు.

కుషన్‌ని రోజూ గోరువెచ్చటి నీళ్లలో ఘాటు లేని సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టు. డెట్టాల్, స్పిరిట్ పనికిరావు. పసుపుపచ్చగా మారి, గట్టిపడి, అంచులు ముడతలు పడ్డ కుషన్‌ని ఎంత సర్దినా గాలి ఆగదు, మార్చాల్సిందే. నెలల తరబడి ఒకటే వాడుతూ మాస్కుని తిట్టుకుంటాం. పట్టీలు కూడా సాగిపోతాయి. బరువు తగ్గావా? సంతోషం, మరి బుగ్గలు తగ్గితే మాస్కు సైజు కూడా మారొచ్చు కదా!

ముక్కు తేలికైంది, తేమ సరిపోయింది, మాస్కు సరిగ్గా కూర్చుంది. ఇన్ని చేసినా నోరు తెరుచుకుంటోందా? ఇప్పుడు నోటి సంగతికి వద్దాం. చాలామందికి ఇంతదాకా రాకుండానే తగ్గిపోతుంది, అందుకే దీన్ని చివరికి ఉంచాను.

గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి కట్టే పట్టీ, చిన్ స్ట్రాప్, దొరుకుతుంది. కొందరికి దవడ జారకుండా ఆపుతుంది, కొందరికి దవడ ఆగినా పెదవుల సందులోంచి గాలి పోతూనే ఉంటుంది. ఖరీదు తక్కువే కాబట్టి ప్రయత్నించొచ్చు, అయితే దవడని వెనక్కి లాగేలా కట్టుకోకు, గొంతు ఇంకా ఇరుకవుతుంది. పైకి ఎత్తేలా, సుతారంగా ఉండాలి. ఇక నోటికి టేపు. ఫోన్ తెరిస్తే చాలు, మూతికి టేపు వేసుకుంటే అందం, ఆరోగ్యం అని వీడియోలు. నా మాట విని, డాక్టరుని అడగకుండా ఆ పని చెయ్యకు. ముక్కు దిబ్బడ ఉన్నప్పుడు, కడుపులోది గొంతులోకి ఎగదన్నే జబ్బున్నప్పుడు, వాంతి వచ్చేలా ఉన్నప్పుడు, నిద్రమాత్ర వేసుకున్నప్పుడు, మందు తాగినప్పుడు టేపు వెయ్యడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కరెంటు పోయి మెషిన్ ఆగిపోతే? టేపు వేసిన నోటితో, గాలి లేని మాస్కుతో ఎలా ఉంటుందో ఊహించు. ముసలివాళ్లకి, పిల్లలకి అసలే వద్దు.

ముక్కు, నోరు రెండూ కప్పే ఫుల్ ఫేస్ మాస్కు మూడో దారి. నోటితో తప్ప పీల్చలేని వాళ్లకి అది నిజంగా వరమే. కానీ అదేదో పెద్దది కాబట్టి మెరుగైనదని అనుకోవద్దు. ముక్కు మాస్కుతో పోలిస్తే దానికి సగటున ఎక్కువ ఒత్తిడి కావాల్సి వస్తుందని, లీకులూ ఎక్కువేనని, వదిలేసేవాళ్లూ ఎక్కువేనని పరిశోధనల్లో కనబడింది. ఆనాల్సిన అంచు పొడుగైతే జారే చోట్లూ పెరుగుతాయి మరి. వెల్లకిలా పడుకున్నప్పుడు అది దవడని వెనక్కి నొక్కడం కూడా ఉంది. నోట్లో కట్టుడు పళ్లున్న అత్తయ్యగారికో మామయ్యగారికో అయితే, రాత్రి పళ్లు తీసి పడుకుంటే బుగ్గలు లోపలికి పోతాయి. మాస్కు కొలత తీసుకునేటప్పుడు పళ్లు పెట్టుకుని కూర్చుంటే ఆ కొలత రాత్రికి పనికిరాదు. ఆ ముక్క షాపులో మనమే చెప్పాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, కొన్ని మాస్కులకి పట్టీలు తగిలించే చోట అయస్కాంతం క్లిప్పులుంటాయి. ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే, మాస్కు వాడేది వాళ్లయినా, వాళ్ల పక్కన పడుకునే మనిషయినా, అయస్కాంతం లేని మాస్కే కొనాలి.

ఒత్తిడి ఎక్కువైనా నోరు తెరుచుకుంటుంది. ఈ మెషిన్ల ఒత్తిడిని 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి మట్టం లెక్కలో కొలుస్తారు. నీకు అవసరమైన దానికన్నా ఎక్కువ పెట్టారేమో, లేదా ఆటో మెషిన్‌కి పై హద్దు మరీ ఎత్తులో వదిలేశారేమో. పొట్ట ఉబ్బరంగా ఉండి, పొద్దున్నే తేన్పులు వస్తున్నాయంటే గాలి మింగుతున్నావన్నమాట, అదీ ఒక గుర్తే. ఆ అంకెలు మాత్రం నువ్వు మార్చకు, మీ తమ్ముడు కంప్యూటర్ ఇంజినీరైనా సరే అతనితో మార్పించకు. మెషిన్‌లోని లెక్కలు చూసి డాక్టరే మార్చాలి. ఊపిరి వదిలేటప్పుడు గాలి కాస్త తగ్గించే సదుపాయం చాలావాటిలో ఉంటుంది, దాని గురించి అడుగు. వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకుంటే చాలామందికి తక్కువ ఒత్తిడితోనే సరిపోతుంది. రాత్రి మందు తాగే అలవాటున్న మగవాళ్లకి గొంతు మరింత సడలుతుందని సూటిగా చెప్పు. ఎవరి మాటో విని నిద్రమాత్రలు వేసుకోవద్దు.

ఇవన్నీ ఒకే రాత్రి చెయ్యబోకు. ఒక్కటి మార్చు, మూడు నాలుగు రాత్రులు చూడు, క్యాలెండర్ మీద ఆ తేదీ దగ్గర రాసుకో. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? మాస్కు పెట్టుకోగానే గుండె దడదడలాడుతోందంటే, పడకగదిలో కాదు, సాయంత్రం టీవీ సీరియల్ చూస్తూ హాల్లో పెట్టుకుని కూర్చో. గాలి ముక్కులో పోతుండగా నోరు మూసుకుని ఊపిరి తీసుకోవడం మెలకువలోనే అలవాటైతే, నిద్రలో కొంత తేలికవుతుంది.

మనసులో ఇంకోటి ఉందని నాకు తెలుసు. సిగ్గు. ముక్కుకి గొట్టం తగిలించుకుని పడుకుంటే ఆయన ఏమనుకుంటాడో, పెళ్లికి వెళ్లి చుట్టాలింట్లో పడుకోవాల్సి వస్తే ఎలాగో, పిల్లలు భయపడతారేమో. ఎందుకమ్మా ఇంత కుమిలిపోవడం? కళ్లజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడతామా? ఆయన్నే పిలిచి, ఇదిగో ఈ పట్టీ ఇక్కడ లాగండి, గాలి ఎక్కడ పోతోందో చెయ్యి పెట్టి చూడండి అని పని అప్పజెప్పు. నిద్రలో నోరు తెరుస్తున్నావో లేదో నీకు తెలియదు, ఆయనకి తెలుస్తుంది. రెండు నిమిషాలు ఫోన్లో వీడియో తియ్యమను, డాక్టరుకి అది చాలా పనికొస్తుంది. నెలసరి ఆగే వయసు దాటాక ఆడవాళ్లలో ఈ జబ్బు పెరుగుతుంది. గట్టి గురక లేకపోయినా పొద్దున్నే తలనొప్పి, రోజంతా నిస్సత్తువ, కలత నిద్ర ఉండొచ్చు. అయినా ఇంట్లో మగవాళ్లకి మెషిన్ కొన్నంత తేలిగ్గా మనకి కొనుక్కోం, కొనుక్కున్నా చిన్న చిక్కు రాగానే నాకెందుకులే అని పక్కన పెట్టేస్తాం. ఆ మాట ఈసారి అనొద్దు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఈ లీకుల గురించి ఇంకొంచెం తొందరపడాలి. అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్, ఇంకా చాలా బీమా కంపెనీలు, మొదటి 3 నెలల్లో వరసగా ఏవో 30 రోజులు తీసుకుని, వాటిలో 70 శాతం రాత్రులు కనీసం 4 గంటల చొప్పున మెషిన్ వాడారా లేదా అని చూస్తాయి. లీకు చికాకుతో నడిరాత్రి పీకి పక్కన పెడితే ఆ లెక్క తప్పుతుంది. వాళ్ల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు మెషిన్‌ని చేతి సంచిలోనే పెట్టుకోవాలి, డబ్బాలో నీళ్లు పూర్తిగా పారబోసి మరీ.

రెండు మూడు వారాలు ఇవన్నీ చూశాక కూడా పగలు కునికిపాట్లు పోకపోయినా, ముక్కులోంచి రక్తం కనబడినా, కళ్ల మంట తగ్గకపోయినా ఇక ఇంటి వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు మెషిన్‌లోని చిన్న కార్డో యాప్ ఉన్న ఫోనో, రాసుకున్న క్యాలెండర్ కాగితం, ఆయన తీసిన వీడియో, నీ మాస్కు అన్నీ సంచిలో పెట్టుకో. మాస్కు సైజు సరిపోలేదని తేలితే కొన్న షాపులో మొహమాటపడకుండా మార్చి ఇమ్మని అడుగు. కొత్తది ఇస్తానంటే కౌంటర్ దగ్గర నిలబడి కాదు, అక్కడే బల్ల మీద పడుకుని, గాలి పెట్టించుకుని చూసి తీసుకో. మార్చడానికి గడువు ఇన్ని రోజులేనని కొన్నిచోట్ల పెడతారు, అందుకని ఆలస్యం వద్దు. బిల్లు ఎక్కడ పెట్టావో ముందు అది వెతుకు, పో.